ఇరవై ఒక్క అంగుళాల తెలుగు

మా నాన్నకు చూపు తగ్గిపోతున్న ఏడాది నేను ఇంటికి ముప్పై కిలోల మానిటర్ ఒకటి మోసుకొచ్చాను. ఆయన కళ్ళకూ దానికీ సంబంధం ఉంది. ఆ సంబంధం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అందుకే ఇన్నేళ్ళూ దీని గురించి రాయలేదు.

అప్పట్లో మేం దక్షిణ ఢిల్లీలో ఆసుపత్రి క్వార్టర్లలో, మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మ స్టాఫ్ నర్సు. నాన్న ప్రభుత్వ ఆఫీసులో స్టెనోగా చేసి రిటైరయ్యారు. ఇద్దరిదీ బాపట్ల వైపు. నేను మాత్రం పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. నోయిడాలో ఒక కంపెనీలో యూనిక్స్ కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. చేరి రెండేళ్ళయింది. నాకు రాని పని లేదన్న పొగరు కూడా దండిగానే ఉండేది.

నాన్నకు రోజంతా తెలుగు పేపరు చుట్టూనే గడిచేది. అది హైదరాబాదు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. మా బ్లాకులో మూడు తెలుగు కుటుంబాలు కలిసి ఒకే కాపీ వేయించుకునేవాళ్ళం. అందరిలోకీ పెద్దాయన కాబట్టి మొదటి వంతు నాన్నది. పదకొండింటికల్లా చదివేసి, మడత చెదరకుండా కింది ఇంటికి పంపాలి. చదవడమంటే ఊరికే చదవడం కాదు. పైకి చదివి, మంత్రులతో వాదించి, అచ్చుతప్పు కనిపిస్తే ఎర్ర పెన్నుతో దిద్ది మరీ పంపేవారు. కింది ఇంటి ఆంటీ ఆ దిద్దుబాట్లు తన పిల్లలకు చూపించి నవ్వేది.

ఆ ఏడాది పేపరు పదకొండింటికి కిందికి దిగడం మానేసింది. పన్నెండయ్యేది, ఒంటిగంటయ్యేది, ఒక్కోసారి సాయంత్రమయ్యేది. కొన్నాళ్ళకు ఎర్ర దిద్దుబాట్లు కూడా ఆగిపోయాయి. నాన్నకు ఇరవై ఏళ్ళుగా షుగరు. అమ్మ ఒకరోజు బలవంతాన తన ఆసుపత్రికే తీసుకెళ్ళి కళ్ళు చూపించింది. కంటి లోపలి పొర మీద రక్తం ఊరుతోంది, లేజర్ చేయించాలి, ఆలస్యం చేస్తే ఉన్న చూపు కూడా పోతుంది అన్నారు. ఎంతో మందిని బతిమాలి అమ్మ మార్చి నెలలో ఒక మంగళవారానికి డేటు సంపాదించింది.

"మంగళవారం ఎనిమిదింటికి. మాట్లాడకుండా వచ్చి కూర్చోండి" అంది అమ్మ అన్నం వడ్డిస్తూ.

"లేజరంటే కంట్లో మంట పెట్టడమేగా. మా సెక్షన్లో ఒకాయనకి చేశారు. ఉన్నది కూడా పోయింది" అన్నారు నాన్న.

"ఆయన చివరాఖర్లో ఆసుపత్రికి పోయుంటాడు. మీకట్టా కాదు."

"నాకు కళ్ళు బానే ఉన్నాయి. ఆ పేపరోళ్ళే అక్షరాలు చిన్నవి చేశారు. కాస్త పెద్దవైతే నాకేం ఇబ్బంది లేదు."

అమ్మ నా వైపు చూసింది. నేను ఆవిడ పక్షాన మాట్లాడతానని ఆవిడ ఆశ. నేనేమో నాన్న భయాన్ని చూడలేదు, ఆయన చెప్పిన సమస్యను చూశాను. అక్షరాలు పెద్దవి కావాలి. అది నాకు తెలిసిన పనిలా వినిపించింది.

"మమ్మీ, డాడీకి ప్రాబ్లమ్ సైజే కదా. పేపరు ఇంటర్నెట్‌లో వస్తుంది. నేను పెద్ద స్క్రీన్ పెట్టి ఒక్కో అక్షరం ఇంత చేసి చూపిస్తా. ఏక్ మహీనా దో" అన్నాను.

"నువ్వు డాక్టరువా?" అంది అమ్మ.

"పిల్ల అంత చెప్తంటే చూద్దాం. ఒక్క నెలేగా" అన్నారు నాన్న. అంత తొందరగా ఆయన నన్ను సమర్థించడం అదే మొదటిసారి. నాకు గర్వంగా అనిపించింది. మంగళవారం డేటు వేరెవరికో వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పేయాలి. అప్పటికి నాకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేది అంతా అర్థమయ్యేది. సగం హిందీ కలిపి జవాబు చెప్పేదాన్ని. ఆదివారాలు మా తెలుగు సంఘంలో పాటలు పక్కవాళ్ళ నోటి వెంట పాడేదాన్ని. అక్షరాలు మాత్రం రావు. చిన్నప్పుడు నాన్న రెండు వేసవి సెలవుల్లో నేర్పబోయారు. నేను ఏడ్చి, అలిగి, "స్కూల్ మే తో పూఛ్‌తే నహీ", బళ్ళో ఎలాగూ అడగరు, అని తేల్చేశాను. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మానిటర్ మా ఆఫీసుది. పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్లు తీసేస్తూ వాటి మానిటర్లను మెట్ల కింద పడేశారు. ఇరవై ఒక్క అంగుళాలు. అప్పట్లో ఇళ్ళలో ఉండేది పధ్నాలుగు, మహా అయితే పదిహేను. అడిగితే తీసుకుపొమ్మన్నారు, పీడ వదిలిందన్నట్టు. ఆటోలో వెనక సీటంతా అదే కూర్చుంది, నేను డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్నాను. మూడంతస్తులూ ఇద్దరు మనుషులు ప్రతి మలుపులోనూ దించుకుంటూ మోశారు. నా గదిలో టేబుల్ మీద పెడితే వెనక భాగం ఇవతలికి పొడుచుకొచ్చింది. చివరికి మూలకు తిప్పి, గుమ్మంలోంచి చూసేవాళ్ళకు వీపు కనబడేలా పెట్టాల్సొచ్చింది. అమ్మ ఆ వీపును చూసి, "ఈ దయ్యం గదిలోకి నేను రాను" అంది. అన్నట్టే రాలేదు కూడా.

నా తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

మామూలు మానిటర్ ఏది పంపినా సర్దుకుని ఏదో ఒక బొమ్మ చూపిస్తుంది. ఇది అలాంటిది కాదు. తను పుట్టిన వర్క్‌స్టేషన్ ఏ వేగంతో బొమ్మ పంపేదో సరిగ్గా ఆ వేగంతో పంపితేనే చూపిస్తుంది. ఒక వెంట్రుక వాసి తేడా వచ్చినా నల్లగా మొహం మాడ్చుకుని కూర్చుంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే మామూలు అక్షరాలు కూడా దాని మీద రావు. యూనిక్స్‌లో బొమ్మలు చూపించే ఏర్పాటు వేరే ఉంటుంది, దాన్ని ఎక్స్ అంటాం. ఆ ఎక్స్‌కి ఒక ఫైల్లో తొమ్మిది అంకెలున్న ఒక లైను రాసివ్వాలి: గీతకు ఎన్ని చుక్కలు, గీత అయ్యాక ఎంత ఆగాలి, తెరకు ఎన్ని గీతలు. ఆ తొమ్మిదీ కుదిరితే బొమ్మ. ఒక్కటి కుదరకపోయినా చీకటి.

ఆ అంకెలు ఎక్కడుంటాయి? మానిటర్ వెనక లేబుల్ మీద. మా ఆఫీసువాళ్ళు తమ సామాను లెక్క కోసం అతికించే స్టిక్కర్‌ను సరిగ్గా ఆ లేబుల్ మీదే అతికించారు. అంత పెద్ద వీపు ఉంది, ఇంకెక్కడా చోటు దొరకలేదు వాళ్ళకి. గోరుతో గీకితే స్టిక్కర్‌తో పాటు కింద ఉన్న అంకెలూ ఊడొచ్చాయి. నేను ఆ రోజు ఆఫీసులోని ఆ తెలియని మనిషిని హిందీలో తిట్టిన తిట్లు నాన్న విననట్టు నటించారు.

దాంతో ఊహించి అంకెలు వేయడమే మిగిలింది. నా కంప్యూటర్‌కు అప్పటిదాకా ఉన్న చిన్న పాత మానిటర్‌ను పక్కన పెట్టుకుని, దాని మీద ఫైలు మార్చి, దాని తీగ ఊడదీసి, పెద్దదానికి బిగించి, ఎక్స్ మొదలుపెట్టి చూడాలి. చీకటి. మళ్ళీ తీగ ఊడదీసి, చిన్నదానికి బిగించి, ఒక అంకె మార్చాలి. ఆ తీగకు రెండు పక్కలా స్క్రూలు. ఒక శనివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నలభై సార్లు మార్చి ఉంటాను. బొటనవేలు పొట్టు లేచింది.

ఆ తీగ కూడా ఊరికే దొరకలేదు. దీనికి వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని వేరువేరు మూతులున్నాయి. వాటికి సరిపడే తీగ కోసం రెండు వారాలు కంప్యూటర్ దుకాణాలుండే నెహ్రూ ప్లేస్‌లో మెట్లన్నీ ఎక్కి దిగాను. ఒక దుకాణంవాడు నా కాగితం మీది బొమ్మ చూసి, "మేడమ్, యే తో మ్యూజియమ్ మే దే దో" అన్నాడు. మూడో వారం ఒక ముసలి సర్దార్జీ ఏ డబ్బాలోంచో తీసిచ్చాడు. తీరా బిగించాక తెలిసింది, ఈ మానిటర్‌కు వేగం సంకేతం ఆకుపచ్చ తీగలోనే కలిపి పంపాలట. నా కంప్యూటర్లో బొమ్మను బయటికి పంపే కార్డుకు ఆ విద్య రాదు. మళ్ళీ వేట.

మా ఆఫీసులో హైదరాబాదు నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. నాకు తెలిసిన తెలుగువాడు ఆయనొక్కడే అక్కడ. నా గోల విని, "విండోస్ ఎయ్యరాదు? ఎందుకింత లొల్లి? చిన్న మానిటరే కొనుక్కోరాదు?" అన్నాడు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. కొత్తది పదిహేడు అంగుళాలది కొని, విండోస్ వేసి ఉంటే రెండు గంటల పని. కానీ యూనిక్స్ మనిషినని చెప్పుకు తిరిగేదాన్ని, ఒక మానిటర్ చేతిలో ఓడిపోతే ఎలా? ఆ మాట ఆయనతో అనలేదు. పెద్ద స్క్రీనే కావాలి అన్నాను.

నెల గడిచింది. అమ్మ అడిగింది. ఇంకో నెల అన్నాను. మే వచ్చింది. కరెంటు పోతూ వస్తూ ఉండేది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ యూనిక్స్ డిస్కు సరిచూసుకుని, ఏదో ఒక ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగిపోయేది. ఆ ప్రశ్న పెద్ద మానిటర్ మీద కనపడదు. చీకటి చూస్తూ ఇది ఆలోచిస్తోందా, చచ్చిందా అని నేను బిక్కమొహం వేసుకుని కూర్చునేదాన్ని. గదిలో కూలర్ లేదు. ఆ మానిటర్ వేడికి నా గది పొయ్యిలా ఉండేది.

నాన్న రోజూ ఒక స్టూలు తెచ్చుకుని నా వెనక కూర్చునేవారు. పది నిమిషాలకోసారి, "వచ్చిందా అమ్మా?" అని అడిగేవారు. మొదట్లో జవాబు చెప్పేదాన్ని. తర్వాత చెప్పడం మానేశాను. ఒకరోజు మాత్రం అరిచేశాను. "డాడీ, ఆప్ బార్ బార్ మత్ పూఛియే. వస్తే నేనే చెప్తా కదా. కొంచెం అటు జరగండి, గాలి రావట్లేదు." ఆయన స్టూలు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాకు సిగ్గేసింది గానీ తీగ స్క్రూలే తిప్పుతూ కూర్చున్నాను.

పేపరు అప్పటికి మధ్యాహ్నం దాకా కూడా మా ఇంట్లో ఆగడం లేదు. వచ్చింది వచ్చినట్టే కింది ఇంటికి వెళ్ళిపోయేది. "అమ్మాయి పెడుతోందిగా, దాంట్లోనే చదువుతా. ఎవరి వంతు వాళ్ళకి పోనీ" అనేవారు నాన్న. కింది ఆంటీ చదివి పెడతానంటే నవ్వి వద్దనేవారు. అమ్మ చదువుతానన్నా ఒప్పుకోలేదు. "మీ అమ్మ తనకి నచ్చినవే చదువుద్ది" అని నాతో జోకేసేవారు. అమ్మ రెండోసారి డేటు తెచ్చింది, జూన్‌లో. "ఇంకొక్క రెండు వారాలు. పిల్ల కష్టం వృథా పోకూడదు" అని దాన్నీ దాటేశారు. నేను పక్కనే ఉన్నాను. నేనూ తల ఊపాను.

జూలై మొదట్లో ఒక శనివారం పొద్దున బొమ్మ వచ్చింది. ఆఫీసులో పారేయబోతున్న పాత కార్డు ఒకటి పట్టుకొచ్చి పెట్టాను. ఏడో అంకెలో మూడు తగ్గించాను. తీగ బిగించి మొదలుపెట్టగానే మానిటర్ లోపల టక్కుమని శబ్దం, ఒక కీచుమన్న రాగం, తర్వాత తెరంతా బూడిదరంగు సన్న గళ్ళు, మధ్యలో ఒక ఇంటూ గుర్తు. ఎక్స్ లేచినప్పుడు మొదట కనిపించేది అంతే. ఇంకేమీ ఉండదు. ఆ ఇంటూ గుర్తును చూసి నేను కుర్చీలోనే ఏడ్చేశాను.

నాన్న పరుగున వచ్చి నా పక్కన, తెర ముందు నిలబడ్డారు. "వచ్చిందా?" అన్నారు.

"కళ్ళ ముందే ఉంది కదా డాడీ" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను.

ఇక తెలుగు. ఆ రోజుల్లో ఒక్కో పత్రిక తన వెబ్‌సైటుకు తన సొంత ఫాంటు వాడేది. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే పేజీ అంతా పిచ్చి ఇంగ్లిషు గుర్తులు. విండోస్‌లో అయితే అది దానంతటదే దిగేది, నా యూనిక్స్‌లో దిగలేదు. హైదరాబాదు సీనియర్‌ను తెలుగు ఫాంటు ఉందా అని అడిగాను. ఆయన ఒక ఫ్లాపీ ఇచ్చాడు. ఏ పేపరుకు అని ఆయన అడగలేదు, ఏ పేపరుదని నేనూ అడగలేదు. ఇంగ్లిషులో ఏ ఫాంటు వేసినా ఏ అక్షరం ఆ అక్షరమే, కాస్త లావో సన్నమో అవుతుంది. తెలుగు కూడా అంతే అనుకున్నాను.

దాన్ని ఎక్స్‌కి ఎక్కించడానికి ఇంకో వారం. చివరికి నాన్న పత్రిక పేజీ తెరిచి, ఈ ఫాంటే వాడమని బ్రౌజర్‌ను బలవంతం చేశాను. తెరంతా తెలుగు. గుండ్రటి గుండ్రటి అక్షరాలు, పైన టిక్కులు, కింద ఒత్తులు. పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. ఒక్కో అక్షరం నా అరచేయంత అయింది. నా జీవితంలో అంత అందంగా నాకు తెలుగు ఎప్పుడూ కనిపించలేదు.

నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాను. "డాడీ, ఠీక్ హై? సరిగ్గా ఉందా?"

ఆయన ముందుకు వంగారు. ముక్కు గాజుకు తగిలేంతగా వంగారు. తర్వాత వెనక్కి వాలి, "ముత్యాల్లా ఉన్నాయమ్మా" అన్నారు.

"చదవండి మరి."

"మళ్ళీ కరెంటు చార్జీలు పెంచుతారంట. వీళ్ళకి ఇంకో పని లేదు" అని ఆ మంత్రిని పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టారు. నాకు పాత నాన్న తిరిగొచ్చినట్టనిపించింది. వంటింట్లోకి పరిగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ గది గుమ్మం దాకా వచ్చి, మానిటర్ వీపును, దాని వెనక వాదించుకుంటున్న నాన్నను చూసి, "సరే, అట్టాగన్నా చదవనీ" అంది. ఆవిడ ముఖంలో నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వు కనిపించింది. ఆ నెల డేటు అడగడానికి ఆవిడ వెళ్ళలేదు.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇల్లు ప్రశాంతంగా ఉంది. పొద్దున్నే నేను ఫోను లైను మీద నెట్ కలిపి పేజీ తెరిచి ఆఫీసుకు వెళ్ళేదాన్ని. నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసుకు వెళ్ళినట్టు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేవారు. సాయంత్రం వార్తలు చెప్పేవారు. వాళ్ళు రాజీనామా చేశారంట, వీళ్ళు ధర్నా చేశారంట, గోదావరి పెరుగుతోందంట. అవి రేడియోలో పొద్దున ఏడింటికి వచ్చే తెలుగు వార్తలని నాకు తట్టలేదు. నేను ఆ సమయానికి బస్సులో ఉండేదాన్ని.

ఆగస్టులో ఒక శనివారం అమ్మకు సెలవు. నాన్న బాల్కనీలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నారు. నేను మంచం మీద పడుకుని ఉన్నాను. అమ్మ తన డ్యూటీ చీటీ వెతుక్కుంటూ నా గదిలోకి వచ్చింది, వస్తూ వస్తూ మొదటిసారి ఆ కుర్చీ వైపుకు వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"ఇదేంటి?" అంది.

"పేపర్ హై మమ్మీ. డాడీది."

"ఇది తెలుగు కాదు."

నేను లేచి కూర్చున్నాను. "తెలుగే మమ్మీ. ధ్యాన్ సే దేఖో, సరిగ్గా చూడు."

"అక్షరాలు తెలుగువే. ఒక్క మాట లేదు ఇందులో" అంది. ఇంకాస్త దగ్గరికి వంగి, చిన్నపిల్లలు కూడబలుక్కున్నట్టు పైకి చదివింది. "డ్గమ. పూలర. ఖిసిఠ. తడౌ. ఇదేం భాషే?"

నాకు ముందు అర్థమైంది ఫాంటు సంగతి. ఒక పత్రిక ఫాంటులో 'క' ఉన్న గడిలో ఇంకో పత్రిక ఫాంటులో 'డ' ఉంటుందని, రెండు పత్రికలూ ఎవరికి తోచినట్టు వాళ్ళు సర్దుకున్నారని, నేను వేరే పత్రిక ఫాంటును తెచ్చి దీనికి తొడిగానని ఒక్క క్షణంలో అర్థమైంది. ఆ తప్పు మీద విసుగు కూడా వచ్చింది. రెండో సంగతి అర్థం కావడానికి అమ్మ ముఖం చూడాల్సొచ్చింది. ఆవిడ ఫాంటు గురించి ఆలోచించడం లేదు.

అమ్మ బాల్కనీలోకి నడిచింది. అరవలేదు. నాన్నకు రెండడుగుల దూరంలో నిలబడి చేయెత్తి వేళ్ళు చూపించింది. వార్డులో ఎలా అడుగుతుందో అదే గొంతుతో, "ఎన్ని?" అంది.

నాన్న చేతిలో గోళ్ళ కత్తెర ఆగింది. "ఇదేం పరీక్షే?"

"ఎన్నో చెప్పండి."

"మూడు."

అమ్మ చూపించింది రెండు వేళ్ళు. చేయి దించి అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఎడమది పోయి చాలాకాలమైంది. కుడిదాంట్లో అంచుల్లో కాస్త వెలుతురు తెలుస్తుంది" అన్నారు నాన్న.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "ఫిర్ మీరెందుకు చదివానన్నారు డాడీ? నేను అడిగాను కదా సరిగ్గా ఉందా అని."

"నువ్వు అంత కష్టపడితివి. లేదంటే నీ మనసు..." అని ఆగి, "నువ్వు పెట్టావంటే సరిగ్గానే ఉంటదనుకున్నా" అన్నారు.

నాకు వచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. నేను సరిగ్గా పెట్టానా లేదా అని ఆయన్ని అడిగాను, ఆయనకు కనిపించదు. ఆయన నా మీద నమ్మకంతో సరిగ్గానే ఉందన్నారు, నాకు చదవడం రాదు. మూడు వారాలు ఇద్దరం ఒకరి మాట ఒకరం నమ్ముకుని ఆ చెత్తను తెలుగనుకున్నాం. ఇంట్లో తెలుగు చదవగలిగి, కళ్ళున్న మనిషి ఒక్కతే. ఆవిడ దాని వీపు మాత్రమే చూసింది.

ఆ సోమవారమే ఆసుపత్రికి వెళ్ళాం. డేటు లేదు, అమ్మ ఎవరెవరి కాళ్ళు పట్టుకుందో నేను అడగలేదు. డాక్టరు చాలాసేపు దీపం వేసి చూశారు. ఎడమ కంటికి చేసేదేమీ లేదన్నారు. కుడి కంటికి లేజర్ చేశారు. ఉన్న వెలుతురు ఉన్నట్టు నిలవాలని చేయడమే తప్ప, చదువుకునే చూపు ఇక రాదని చెప్పారు. ఆసుపత్రి కార్డు తిరగేసి మార్చి నాటి రాత చూసి, "అప్పుడే రావాల్సింది" అన్నారు ఇంగ్లిషులో, మందలింపు కూడా లేకుండా. అమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నయం.

నాన్న కంటికి కట్టిన గుడ్డ విప్పాక మొదటి ఆదివారం నేను సరైన ఫాంటు వెతికి ఎక్కించాను. ముప్పై నిమిషాలు పట్టింది. అమ్మ డ్యూటీకి వెళ్ళబోతూ యూనిఫాంలో వచ్చి తెర ముందు నిలబడి రెండు లైన్లు లోలోపల చదువుకుని, "ఇప్పుడు తెలుగే" అని చెప్పి వెళ్ళిపోయింది. అరచేయంత అక్షరాలతో ఆ రోజు పేపరు తెర మీద ఉంది. ఇంట్లో ఆయనా నేనూ మిగిలాం.

నాన్న వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆపేయనా అని అడిగాను.

"ఎందుకు? మొదటి అక్షరం ఎట్టా ఉందో చెప్పు" అన్నారు.

"నాకు రాదు డాడీ."

"పేరు చెప్పమన్లా. ఎట్టా ఉందో చెప్పు."

చూశాను. "పక్కపక్కన రెండు చుట్లు ఉన్నాయి. పైన టిక్కు."

"కుడి పక్కన కొమ్ముందా?"

"కొమ్ము అంటే?"

"పైకి లేచిన తోక."

"లేదు."

"అయితే అది 'వ'. తర్వాత?"

"ఒకటే గోల్. పైన టిక్కు."

"లోపల చుక్క?"

"లేదు."

"'ర'. నీ పేరులో కూడా ఉంది అది. ఊఁ, తర్వాత?"

మూడో అక్షరం దగ్గర ఇద్దరం చాలాసేపు కొట్టుకున్నాం. నేను చెప్పే వంకర ఆయనకు అర్థం కాదు, ఆయన అడిగేది నాకు కనిపించదు. చివరికి నా చేయి పట్టుకుని, నా వేలితోనే గాజు మీద అక్షరం చుట్టూ తిప్పించి, ఆ కదలికను బట్టి 'ద' అన్నారు. ఆ తర్వాత 'గ' కింద ఇంకో చిన్న 'గ' ఉంటే, అది కింద ఎందుకుందని నేను విసుక్కున్నాను. ఒత్తంటే ఏమిటో చెప్పారు. మొత్తం హెడ్డింగు చదవడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండే మాటలు. వరద తగ్గింది.

"చూశావా, ఇంతే" అన్నారు నాన్న, సంతోషంగానే. మార్చిలో ఆయనకు ఇంకా చూపుంది. పేపరు మోకాళ్ళ మీద పరిచి, ఇది 'వ', ఇది 'ర' అని వేలు పెట్టి చూపించగలిగేవారు. యాభై ఆరు అక్షరాలు, ఒత్తులూ గుణింతాలూ అన్నీ కలిపినా ఆ నాలుగు నెలలు ఎక్కువే. నేను ఒక యంత్రానికి తెలుగు నేర్పుతూ ఉండిపోయాను. ఆయనకు కనిపించినన్నాళ్ళూ ఒక్క అక్షరం కూడా ఆయన్ని అడగలేదు.